మా తోడికోడలి బంగళా

జనవరి రెండో శనివారం మొదలు మా మనవరాలు పదకొండు శనివారాలు ఇక్కడే సింగపూర్‌లో ఇంకో పేట, బూన్ లే వెళ్ళింది. చైనా వాళ్ళ కొత్త సంవత్సరానికి మానిన వారం ఇందులో కలపలేదు. అంతకు ముందు అవి నా శనివారాలు. బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాటుకు పదింటికి వచ్చి, రెండు పెసరట్లు తిని, నాలుగింటికి లేచి వెళ్ళేది.

బూన్ లేలో ఉండేది నా తోడికోడలు. ఇక్కడికి రాకముందు మా మరిది ఉద్యోగం వల్ల కాలిఫోర్నియాలో ఆరేళ్ళు కాపురం చేసింది. పిల్ల ఆర్కిటెక్చర్ చదువుతోంది. అమెరికా వాళ్ళ క్రాఫ్ట్స్‌మన్ బంగళా మీద ప్రాజెక్టు తీసుకుంది, నమూనా కూడా చేయాలి. అలాంటి ఇంట్లో బతికిన మనిషి చుట్టాల్లోనే దొరికాక నా పెసరట్టు ఎవరికి కావాలి?

ఆ బంగళా సంగతి నాకు ముప్పై ఎనిమిదేళ్ళుగా తెలుసు. "మేం బంగళాలో ఉంటున్నాం అక్కా" అని మొదటి ఉత్తరంలోనే రాసింది. మా కాకినాడలో బంగళా అంటే పెద్ద అధికారులది. మేడ, ఎత్తు స్తంభాలు, గేటు దగ్గర జవాను. సింగపూర్ వచ్చాక కూడా ఆ మాట చిన్నది కాలేదు. ఇక్కడ బంగళా అంటే కోటీశ్వరులదే. ఆమె మేడ మెట్లు దిగి వస్తున్నట్టు ఎన్నిసార్లు ఊహించుకుని కుళ్ళుకున్నానో!

పన్నెండో శనివారం నేనూ వెంట వెళ్ళాను. భోజనాల బల్ల మీద నమూనా ఉంది. పల్చటి చెక్కతో, అట్టతో చేసిన చిన్న ఇల్లు.

"మేడ ఏదే?" అన్నాను.

"మేడ లేదు అమ్మమ్మా. క్రాఫ్ట్స్‌మన్ బంగళా అంటే ఇంతే లా! ఒకటే ఫ్లోర్. మహా అయితే పైకప్పు కింద ఒక రూమ్" అంది పిల్ల, మాట చివర సింగపూర్ వాళ్ళ "లా" తగిలించి.

"నువ్వు మేడ అన్నావు కదే?" అని తోడికోడలి వైపు తిరిగాను.

"మేడని నేనెప్పుడన్నాను అక్కా? అక్కడివాళ్ళు బంగళా అంటే నేనూ బంగళా అన్నాను. అంతస్తులు నువ్వు కట్టుకున్నావు."

పిల్ల ఫక్కున నవ్వింది. తర్వాత ఒక్కొక్కటే చూపించింది. యంత్రాలు చేసిపెట్టే నగిషీలంటే విసుగు పుట్టి, చేతిపని కళ్ళకు కనబడాలని ఇంగ్లండులో మొదలైన ఉద్యమం అమెరికా చేరిందట. పోయిన శతాబ్దం మొదట్లో కాలిఫోర్నియాలో ఇలాంటి ఇళ్ళు వీధులకు వీధులు లేచాయట. వాలు తక్కువ కప్పు, బాగా ముందుకు వచ్చిన చూరు, దాని కింద దాచకుండా వదిలిన దూలాల కొసలు. ముందు లోతైన వరండా. కింద లావుగా, పైకి సన్నబడే స్తంభాలు. గోడల్లోనే అమర్చిన అలమరలు. బంగళా అన్న పేరు బెంగాల్ నుంచే వెళ్ళిందట.

మేడ లేదని తేలాక మనసు చల్లబడాలి. చల్లబడలేదు. నమూనాలో కిటికీ కింద గోడలో కలిపి చేసిన బల్ల మీద, చీర కట్టిన బొమ్మ ఒకటి చేతిలో పుస్తకంతో కూర్చుంది. గోరంత బొమ్మ.

"ఇది ఎవరే?"

"చిన్నమ్మమ్మ. డైలీ అక్కడే చదివేదంట."

పిల్ల రాసుకున్న అసలు ఇంటి కొలతలు పక్కన పెట్టుకుని, నేను స్కేలుతో నమూనా కొలవడం మొదలుపెట్టాను. తప్పు దొరికింది.

"మెట్టు ఏడు అంగుళాలని రాశావు. మూడు మెట్లకు ఇరవై ఒకటి. వరండా ఎత్తు ముప్పై ఐదు పెట్టావు. ఆఖరున పద్నాలుగు అంగుళాలు ఒక్కసారే ఎక్కాలి. మీ చిన్నమ్మమ్మ చీర కాళ్ళకు తట్టుకుని పడుతుంది."

"అయ్యో, కరెక్ట్!" అంది పిల్ల. లెక్కలో నన్ను మించినవారు ఆ ఇంట్లో లేరు. "ఇంకో మెట్టు కలుపు, సరిపోతుంది" అన్నాను.

పిల్ల తోడికోడలి వైపు చూసింది. "మెట్లు ఎన్ని చిన్నమ్మమ్మా?"

"మూడే. కళ్ళు మూసుకుని ఎక్కేదాన్ని."

పిల్ల మెట్టు కలపలేదు. వరండాను ఏడు అంగుళాలు దించింది. అప్పుడూ లెక్క సరిపోయింది, నేను కాదనడానికి లేదు.

"వచ్చే శనివారం కిటికీల పని అక్కా. నువ్వూ రా" అంది తోడికోడలు, నా ముందు కాఫీ పెడుతూ.

రానని చెప్పాలనే నోరు తెరిచాను.

"ఎన్నింటికి?" అన్నాను.