గుమ్మం దగ్గర హసన్

మోటార్లు మా ఇంజనీరు జుల్హుమోర్ ఓపాకి, అంటే అక్కకి, తమ పేర్లు చెబుతాయట. కోకండ్ నూలుమిల్లులో పుట్టిన ఈ పుకారుని ఇంతవరకూ ఎవరూ రుజువు చెయ్యలేదు. చెవులారా విన్నామనేవాళ్లు మాత్రం ఊళ్లో సగం మంది. వాళ్లలో ముప్పావువంతు మిల్లు గేటు కూడా దాటి ఎరగరు.

నేను దాటాను. క్యాంటీన్ నుంచి మోటారు గదికి టీ మోసేది నేనే.

ప్రతి మోటారుకీ దాని వేగాన్ని అదుపులో పెట్టే పెట్టె ఒకటుంటుంది. డ్రైవ్ అంటారు. ఓపా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, గోడ వెంట పోయే కేబుల్లోంచి, నంబరుని బట్టి ఏ పెట్టె సెట్టింగులు దానికి పంపుతుంది. పంపి ఊరుకోదు. వాటిని మళ్లీ వెనక్కి రప్పించి తన దగ్గరున్నవాటితో పోల్చుకుంటుంది. మేం టీని మూడుసార్లు గిన్నెలో పోసి తిరిగి కెటిల్లోకి వంచాకే తాగుతాం కదా, ఆవిడ సెట్టింగులకీ అదే మర్యాద.

ఆవేళ మిల్లంతా తోష్పొలాత్ ఆకా గురించే మాట. గడ్డం నల్లగా ఉన్ననాటి నుంచీ ఆయన మా ఎలక్ట్రీషియను, మా అందరికీ ఆకా, అంటే అన్న. మర్నాడు పని మానేస్తున్నాడు. డైరెక్టరు అందరి ముందూ ఆయన భుజాల మీద జరీ చపాన్, అదే మా సన్మానాల అంగీ, కప్పుతాడు. ‘నీ మిల్లువాళ్లు నిన్నేం గుర్తుపెట్టుకుంటారులే’ అని వెక్కిరించే వియ్యంకుణ్ణి కూడా, చూసి కుళ్లుకుంటాడని, ఆకా పిలిపించుకున్నాడు. ఆఖరిరోజు పని చెడితే చపానూ ఉండదు, మొహం ఎత్తుకోవడమూ ఉండదు.

ఆ ఆఖరి పని, కాలిపోయిన రెండు పెట్టెలు తీసి కొత్తవి పెట్టడం. చూడ్డానికి కవలల్లా ఉంటాయి కాబట్టి మేం వాటిని, మా వైపు కవలలకి పెట్టే పేర్లతో, హసన్, హుసన్ అంటాం. హసన్ దుమ్ము లాగే పెద్ద ఫ్యాన్ని తుఫానులా తిప్పుతాడు. హుసన్ పత్తిని లోపలికి తోసే రోలర్లని నత్తలా తిప్పుతాడు. ఆకా కొత్త పెట్టెలు బిగించి, పరదేశి కంపెనీ బొమ్మ చూసి ఏది హసనో ఏది హుసనో వాటికి నంబర్లిచ్చాడు. ఓపా సెట్టింగులు ఎక్కించింది, వెనక్కి తెప్పించి చూసింది.

“సరిపోయాయా చెల్లెమ్మా?” అన్నాడు డైరెక్టరు ముజఫ్ఫర్ ఆకా.

“అంకె అంకె సరిపోయింది. ఓసారి వెళ్లి చూసొస్తా.”

“సరిపోయాక చూసేదేముంది? లగ్గం పెట్టుకున్నాక మళ్లీ పెళ్లిచూపులా?”

“నచ్చిన పిల్లా, పీటల మీది పిల్లా ఒకర్తేనా అని చూడొద్దూ?”

ఓపా ల్యాప్‌టాప్ మీద ఒక మీట నొక్కింది. హసన్ నంబరున్న పెట్టె తన దీపాన్ని ఆర్పి వెలిగించాలి, అంతే. తర్వాత మోటారు గదికి నడిచింది. కెటిల్ పట్టుకుని నేనూ వెనకే.

గది చివర, గోడవారనున్న పెట్టె మిణుకు మిణుకుమంటోంది. ఓపా ఠక్కున ఆగిపోయింది. ఆ పెట్టె తీగ పోయేది రోలర్లకి! ఫ్యాన్ తీగ గుమ్మం పక్క పెట్టెలో ఉంది. స్విచ్ వేసుంటే రోలర్లు ఫ్యాన్ వేగంతో తిరిగి వాటి పళ్లు గోడల్లో దిగేవి, మా పత్తి తాష్కెంట్‌లో మంచులా కురిసేది.

“ఆకా, ఇందులో హసన్ ఏది?” అంది, అక్కడే పనిముట్లు సర్దుకుంటున్న ఆయనతో.

“ఏంటమ్మా, కొత్తగా అడుగుతావ్? ఆ చివరున్నోడు. హసన్ పెద్దోడు కదా! పెద్దోణ్ణి గుమ్మం పక్కన చెప్పుల దగ్గర కూచోబెడతామా?”

బొమ్మ గీసిన పరదేశివాళ్లు గుమ్మం నుంచి లెక్కపెట్టారు. మా ఆకా గుమ్మానికి దూరంగా, పెద్దల్ని కూచోబెట్టే గౌరవస్థానం నుంచి లెక్కపెట్టాడు. ఈ తప్పు చెయ్యాలంటే మా ఫెర్గానా లోయలోనే పుట్టాలి.

ఓపా ఆయన గడ్డంకేసి చూసింది. తర్వాత నాకేసి.

“నువ్వేం చూశావ్?”

“కెటిల్ చూశా ఓపా.”

“మంచిది. ఆకా, మీరింటికెళ్లండి. వియ్యంకుడొచ్చేసరికి గడ్డం దువ్వుకోవాలిగా.”

“నువ్వే చెప్పాలి. ఆ దిష్టికళ్లోడు ముందు గడ్డమే చూస్తాడు,” అని నవ్వుతూ వెళ్లిపోయాడు ఆకా.

ఆవిడ రెండు పెట్టెల నంబర్లూ అటుదిటూ ఇటుదటూ మార్చింది. సెట్టింగులు మళ్లీ ఎక్కించింది, మళ్లీ వెనక్కి రప్పించి పోల్చింది, మళ్లీ దీపం వెలిగించి చూసింది. ఈసారి గుమ్మం పక్కవాడు మిణుకుమన్నాడు. ఈలోగా డైరెక్టరు ఊడిపడ్డాడు.

“ఏంటీ ఆలస్యం? పత్తికి గడ్డం మొలుస్తోంది!”

“తప్పు నాదే. ఓ అంకె తప్పు పెట్టా.”

“నువ్వా? మూడుసార్లు చూసేదానివి నువ్వా?” అని అందరి ముందూ ఆవిణ్ణి కడిగి ఆరేశాడు. స్విచ్ వేస్తే ఫ్యాన్ హోరుమంది, రోలర్లు చూడి గొర్రెల్లా కదిలాయి.

మర్నాడు చపాన్ కప్పారు. వియ్యంకుడి మొహం ఎండిన ఆప్రికాట్ అయింది.

నేను కడుపులో దాచుకోగలిగినంత కాలం దాచుకున్నాను. అంటే మధ్యాహ్నం దాకా. సాయంత్రానికి ఊరివాళ్ల మాటల్లో దీపం కాస్తా నోరైంది, పెట్టెలు పేర్లు చెప్పడం మొదలెట్టాయి. మొన్న ఆకా మనవడే నన్నడిగాడు, హసన్ గొంతు ఎలా ఉంటుందని. అసలు సంగతి ఆకా చెవిన పడుతుందని భయమేసి, మాంసం కూరి కాల్చిన వేడి సంసాలూ కెటిలూ పట్టుకుని ఓపా దగ్గరికెళ్లాను.

“ఓపా, ఆ రోజు దీపం…”

“ఏ రోజు? ఏ దీపం?” కెటిల్ అందుకుని గిన్నెలో వంచింది. “నంబర్లెవరూ మార్చలేదు. తోష్పొలాత్ ఆకా బిగించింది బిగించినట్టే ఉంది. అంకె తప్పు పెట్టింది నేను, తిట్లు తిన్నదీ నేనే. నువ్వు చెప్పేదాంట్లో ఒక్క ముక్కా జరగలేదు.”

గిన్నెలో టీని తిరిగి కెటిల్లో పోసింది.

“అసలారోజు నువ్వు టీయే తేలేదు.”