అన్న కోసం కొన్న పడక కుర్చీ

కడపలో మా అక్కావాళ్లు కొత్త ఇల్లు కట్టుకున్నాక, హాల్లోకి కుర్చీలు కొనే పని మా బావ తన నెత్తిన వేసుకున్నాడు. సలహాకు నన్ను రమ్మన్నాడు. మీటింగులకు పోయి వార్తలు రాసి బతికినవాణ్ని కాబట్టి ఏ నాయకుడు ఏ కుర్చీలో ఎట్లా కూర్చుంటాడో నాకు తెలుస్తుందని ఆయన నమ్మకం. తెలిసిన మాట నిజమే. వేదిక మీద కుర్చీ దొరకనివాడు వెనక నిలబడి ఫొటోలోకి మెడ ఎట్లా చాపుతాడో చాలాసార్లు చూశాను.

బావది మొదట వేరుశనగ సేద్యం. తర్వాత బోర్ల లారీ, ఆ తర్వాత నాపరాళ్ల గని. ఇప్పుడాయనకు జడ్పీటీసీ టికెట్ కావాలి. దాన్ని ఇప్పించేది మా వైపు అందరూ ‘అన్న’ అని పిలిచే నాయకుడు. వయసులో బావకంటే బాగా చిన్న. అయినా అన్నే. ఎప్పుడో ఒక పెళ్లిలో ఆయన బావ భుజం తట్టి, ‘మీ ఇంటికొస్తాలేప్పా’ అన్నాడు. కుర్చీలు ఆ రాక కోసం.

మా దగ్గర కుర్చీలో కూర్చోవడం ఎంత ముఖ్యమో, దాంట్లోంచి లేవడం అంతకంటే ముఖ్యం. పెద్దమనిషి గడపలో కాలు పెట్టగానే లేవాలి. సగం లేచి ఆగినా, ఫోన్ మాట్లాడుతూ లేచినా, ఒక చెయ్యి కుర్చీ మీదే ఉంచి లేచినా దానికొక అర్థం తీస్తారు. అట్లా లేచినందుకు మాటలు ఆగిపోయిన కుటుంబాలు నాకు తెలుసు.

అందుకే బైపాస్ రోడ్డులోని షోరూంలో బావ కుర్చీలను చూసిన తీరు వేరుగా ఉండింది. మెత్తగా ఉందా, నడుముకు ఆనుతుందా అని చూడలేదు. ప్రతి కుర్చీలో కూర్చోవడం, గాజు తలుపులోంచి అన్న వస్తున్నట్టు ఊహించుకోవడం, చేతులు జోడించి లేవడం. ఏసీ కింద తీరిగ్గా సోఫాలు చూసుకుంటున్నవాళ్లు ఈయన ఎవరికి దండం పెడుతున్నాడోనని వెనక్కి తిరిగి చూశారు.

చక్రాలున్న ఆఫీసు కుర్చీ మొదట్లోనే పనికిరాదని తేలిపోయింది. బావ లేవగానే అది వెనక్కి పరిగెత్తి గోడకు కొట్టుకుంది. మీట నొక్కితే కాళ్ల కింద పలక లేచే పెద్ద సోఫా కుర్చీ ఆయనకు నచ్చింది కానీ, ఆ పలక మళ్లీ దిగడానికి చాలాసేపు తీసుకుంది.

“ఇది దిగేలోపు అన్న టికెట్టిచ్చి పోతాడు, ఇంకొకనికి,” అన్నాడు బావ.

తాడుకు వేలాడే గుడ్డు ఆకారం కుర్చీలో కూర్చున్నప్పుడు మాత్రం నేనూ, షోరూం మనిషీ చెరొక చెయ్యి పట్టుకుని బయటికి లాగాల్సి వచ్చింది.

మా అక్క ఇంట్లో ఒకటే మాట చెప్పి పంపింది. “నాకు మోకాళ్లు వంగవురా. ఎత్తుగా ఉండేది ఒకటి చూడండి.” ఆ మాట నేను గుర్తు చేస్తే బావ, “మీ అక్క యాడ కూచుంటాదప్పా? ఎవురొచ్చినా వంటింట్లో నిలబడేదే గదా,” అన్నాడు.

కొత్తవాటి మీద ఆశ వదులుకుని పాతవాటి కోసం కర్నూలు పోయాం. పాతబస్తీలో ఒకాయన పడిపోతున్న మేడల్లోంచి సామాను కొని తెచ్చి అమ్ముతాడు. బెత్తం అల్లిన టేకు కుర్చీలు కొన్ని చూపించాడు. మా నాయన కాలం నాటివి. గట్టివి, ఎత్తైనవి, లేవడానికి వీలైనవి. అక్కకు సరిగ్గా సరిపోయేవి. బావ పెదవి విరిచాడు. “తాలూకాఫీసులో ఇట్లాంటి వాటి ముందర చేతులు కట్టుకుని శానా నిలబడినాం. మళ్లీ ఇంట్లో కూడానా?”

అప్పుడు అంగడాయన లోపలి గదిలోంచి పడక కుర్చీ తీయించాడు. వెనక్కి బాగా వాలిన నల్లటి టేకు. చేతుల కిందనుంచి రెండు పొడుగాటి పలకలు బయటికి తిప్పితే వాటి మీద కాళ్లు చాపుకోవచ్చు.

“నవాబుగారు కూచున్నది సాబ్ ఇది,” అన్నాడాయన.

అంతకు ముందు చూపించిన మూడింటిలోనూ నవాబుగారే కూర్చున్నారు. పాపం ఆయనకు వేరే పని ఉన్నట్టు లేదు.

“బావా, దీంట్లోంచి లేచేదెట్లా?” అన్నాను.

“నేనెందుకు లేస్తానప్పా? ఇది అన్నకు. అన్న ఎవురికీ లేసే పని లేదు గదా. నాకు ప్లాస్టిక్‌ది చాలు.”

అంత గట్టి వాదన నేను అసెంబ్లీ వార్తల్లో కూడా చదవలేదు. కుర్చీ కొన్నాం. హాలు మధ్యలో వేశాం.

ఒకరోజు అన్న మనిషి ఫోన్ చేశాడు. మహానంది నుంచి తిరిగొస్తూ అన్న సాయంత్రం మీ ఇంటికి రావచ్చని. బావ నన్ను పిలిపించాడు. నాయకుడు చెప్పిన టైముకు రావడమే నేను ఎప్పుడూ చూడలేదు కనక, మధ్యాహ్నం అందరం నిదానంగా భోంచేశాం. తిన్నాక బావ పడక కుర్చీ దగ్గర ఆగాడు. ఎట్లా ఉంటుందో చూద్దామన్నాడు. కాళ్లు పలకల మీద చాపాడు. రెండు నిమిషాల్లో గురక మొదలైంది.

సాయంత్రం కాకముందే, కార్ల చప్పుడుకు నేను కునుకులోంచి లేచేసరికి అన్న గడపలో ఉన్నాడు. ఆయనకు ఎదురుగా, సరిగ్గా మొహం ఎత్తులో, మా బావ అరికాళ్లు.

బావ కళ్లు తెరిచాడు. చేతులైతే వెంటనే జోడించాడు. మిగతా మనిషి లేవలేదు. ఒక కాలు దించబోతే పంచె అంచు పలక మలుపులో చిక్కుకుంది. రెండో కాలు గాల్లోనే ఉంది.

“అన్నా... అన్నా...”

“కూచోప్పా, కూచో. మనింట్లో మనకు మర్యాదలేంది?” అన్నాడు అన్న. నవ్వుతూనే అన్నాడు. వెనకున్నవాళ్లు మాత్రం నవ్వలేదు. వాళ్లలో ఇద్దరొచ్చి బావను మంచంలోంచి రోగిని లేపినట్టు లేపారు. అప్పటికే అన్న అక్కను ఏదో అడిగి లోపలికి పోయి వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని సగం గ్లాసు మజ్జిగ తాగి, బావ భుజం తట్టి వెళ్లిపోయాడు.

పేర్లు బయటికొచ్చినప్పుడు బావ పేరు లేదు.

ఆయన రెండు రోజులు సరిగ్గా తినలేదు. ఆ కుర్చీని మేడ మీదికి మోయించాడు. “అన్నకు కాళ్లు చూపించినానప్పా! ఎవురన్నా టికెట్టిస్తారా?” అని కనపడినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. చెప్పినప్పుడల్లా కాళ్లు ఇంకొంచెం పైకి లేస్తూ వచ్చాయి.

తర్వాత ఒక టీ అంగట్లో అన్న మనిషి నాకు కలిశాడు. కుర్చీ సంగతి ఎత్తితే ఆశ్చర్యపోయాడు.

“కుర్చీ ఏంది సార్? ఆ టికెట్టు అంతకు ముందే వేరేవాళ్లకు మాటిచ్చేసినారు. ఆ పొద్దు మాటవరసకు ఫోన్ చేసినా గానీ, దారిలో అన్నకు అర్జెంటయింది. కింద కూచోలేడు, మోకాళ్లు. మీ బావోళ్లది కొత్తిల్లు, వెస్టర్న్ ఉంటాదని నేనే తీసుకొచ్చినా.”

ఇంటికి పోయి అక్కకు మెల్లగా చెప్పాను. ఆమె వంటింట్లో నిలబడి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

“నాకు తెలీదా? లోపలికొస్తానే బాత్రూం యాడమ్మా అని అడిగినాడు,” అంది.

“మరి బావకు చెప్పలేదే?”

“చెప్పొద్దులేరా. కుర్చీని తిట్టుకుంటాండాడు. నన్ను తిట్టేది లేదు గదా.”