పెద్దకోడలు పాలలో ఏం కలిపింది?

ఒక్క చెంచా యాలకుల పొడి వల్ల మొన్న ఆదివారం నేను పామర్రు దాకా వెళ్ళి తప్పు ఒప్పుకుని రావాల్సొచ్చింది. ఆ పొడి కూడా నిజంది కాదు, టీవీలోది. టీ చల్లారిపోకుండా తాగుతూ వినండి, చెప్తాను.

నా ఇంగ్లీషు రాక్ మ్యూజిక్ పిచ్చి సంగతి మీకు కొత్త కాదు. కాలేజీలో అంటుకుంది, ఇప్పటికీ వదల్లేదు. గిటారు సోలో వస్తుంటే నాకు ఫోన్ మోగినా వినపడదు. మిగతావాటి మీద నాకున్న అభిప్రాయాలు కూడా మీరు చాలాసార్లు విన్నారు. ఇప్పటి సినిమా పాటల్లో రీల్‌కి సరిపడా ఒక ముక్క చేసి మిగతాది ఎలాగోలా నింపేస్తారు. పాటల పోటీ షోల్లో పాడేవాళ్ళ కంటే జడ్జీలు ఎక్కువ ఏడుస్తారు. ఇక సీరియల్‌లో ఒక మనిషి వెనక్కి తిరిగి చూసేలోపు మనింట్లో కుక్కర్ దిగిపోతుంది. ఇవన్నీ ఎవరూ అడక్కపోయినా చెప్తుంటాను.

అలాంటి నాకు ఒక సీరియల్ కామెంటరీ డ్యూటీ పడింది.

మా అత్తగారు కంటి ఆపరేషన్‌కని పామర్రు నుంచి పటమటలో మా ఫ్లాట్‌కి వచ్చారు. ఒక కంట్లో శుక్లం తీసి కట్టు కట్టారు. రెండో కంట్లో శుక్లం అలాగే ఉంది, అంతా మసకే. కొన్నాళ్ళు టీవీ వైపు చూడొద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. మా ఆవిడ వాణి ల్యాబ్ టెక్నీషియన్, ఈ నెల సాయంత్రం డ్యూటీ. వెళ్తూ వెళ్తూ నాకు చెప్పింది, "అమ్మ సీరియల్ వింటుంది. మాటలు లేనప్పుడు స్క్రీన్ మీద ఏం జరుగుతోందో మీరు కాస్త చెప్పండి చాలు."

చాలు అంటే చిన్న పనే అనుకున్నాను. ఆ సీరియల్‌లో మాటల కంటే మాటలు లేని టైమే ఎక్కువని నాకేం తెలుసు? అత్తగారు సోఫాలో తలుపు వైపు తిరిగి కూర్చునేవారు. నేను ఆవిడకి అవతలి వైపున్న చెవిలో ఒక ఇయర్‌ఫోన్ పెట్టుకుని నా పాటలు వింటూ, మధ్యమధ్యలో టీవీ వైపు ఓ చూపు చూసి ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. రెండు మూడు రోజులు బాగానే గడిచింది.

ఆ రోజు నా చెవిలో సోలో మంచి పట్టులో ఉంది. టీవీలో ఎవరూ మాట్లాడటం లేదు.

"ఏం జరుగుతోంది బాబూ?"

"పెద్దకోడలు వంటగదిలో ఉందండీ."

"ఏం చేస్తోంది?"

"పాలలో ఏదో కలుపుతోందండీ."

"ఏదో అంటే? మొహం ఎలా ఉంది?"

మొహం నేను చూడలేదు. టీవీలోంచి ఢమఢమమని మ్యూజిక్ మాత్రం వినపడుతోంది. దాన్నిబట్టి చెప్పేశాను. "అటూ ఇటూ చూస్తోందండీ. మొహం కొంచెం తేడాగానే ఉంది."

అంతలో ఆ ఇంటి మామగారు పాలు తాగి దగ్గాడు. అక్కడితో ఆ రోజు ఎపిసోడ్ అయిపోయింది.

అత్తగారు రోజూలాగే వాళ్ళ ఆడపడుచుకి ఫోన్ చేశారు. ఆవిడ పేరు రాజ్యలక్ష్మి, నేను పిన్నిగారూ అంటాను. పామర్రులో ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ వదినా అంటే వదినా అని కలిసి బతికిన మనుషులు. సీరియల్ అయిపోగానే దాన్ని ఇంకో గంట నెమరేసుకోవడం వాళ్ళకి అలవాటు. కంటి చెకప్ అవగానే పిన్నిగారే కారు మాట్లాడుకుని వచ్చి ఈవిడని తీసుకెళ్ళాలి, తర్వాత కంట్లో చుక్కలు వేసే బాధ్యత కూడా ఆవిడదే. ఫోన్ స్పీకర్‌లో ఉంది కాబట్టి మొత్తం విన్నాను.

"పెద్దకోడలు ఇంత పని చేస్తుందని అనుకోలేదు వదినా."

"ఏం పని చేసింది?"

"పాలలో మందు కలపలా?"

"మందేంటి నీ మొహం. యాలకుల పొడి వేసింది."

"మా అల్లుడు కళ్ళారా చూశాడు."

"అయితే ఆపరేషన్ నీకు కాదు, అతనికి చేయించాల్సింది."

అక్కడ ఆగినా బాగుండేది. నన్ను ఎవరైనా ఒక మాట అంటే మా అత్తగారు ఊరుకోరు. "నీకు ముందు నుంచీ మనుషుల్ని అంచనా వేయడం రాదులే వదినా. మీ కోడలి విషయంలోనూ అంతే" అనేశారు. సీరియల్ కోడలు కాదు, పిన్నిగారి సొంత కోడలు.

"చుక్కలు కూడా మీ అల్లుడితోనే వేయించుకో" అని పిన్నిగారు ఫోన్ పెట్టేశారు.

మర్నాడు ఆఫీసులో, లంచ్ టైంలో, మొబైల్‌లో ఆ ఎపిసోడ్ పెట్టి చూశాను. పెద్దకోడలు చక్కగా డబ్బా మూత తీసి యాలకుల పొడే వేసింది. అటూ ఇటూ చూసింది చెంచా కోసం. మామగారికి జలుబు.

ఆ సాయంత్రం ఫోన్ మోగలేదు. ఆ తర్వాత కూడా మోగలేదు. సీరియల్ అవగానే అత్తగారు ఫోన్ చేతిలోకి తీసుకోవడం, కాసేపు ఒళ్ళో పెట్టుకోవడం, మళ్ళీ టీపాయ్ మీద పెట్టేయడం. అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. చివరికి ఆవిడ పక్కన కూర్చుని ఇయర్‌ఫోన్ సంగతి సహా మొత్తం చెప్పేశాను.

"తెలుసు నాయనా" అన్నారు ఆవిడ నెమ్మదిగా. "మర్నాటి సీరియల్‌లో ఆ మామగారే అన్నాడుగా, పాలు యాలకుల వాసనొచ్చాయని."

"మరి పిన్నిగారికి ఆ మాట చెప్పొచ్చు కదండీ?"

"మా అల్లుడు చూడకుండా చెప్పాడని నా నోటితో ఎలా చెప్పను?"

డ్యూటీ నుంచి వచ్చిన వాణి అంతా విని ఒకటే మాట అంది, "ఆదివారం పామర్రు వెళ్ళి రండి."

వెళ్ళాను. ఉయ్యూరులో ఆగి స్వీట్లు కొన్నాను. పిన్నిగారు వరండాలో చేటలో మినుములు పోసుకుని రాళ్ళు ఏరుతున్నారు. నన్ను చూసి "రా నాయనా" అన్నారు గానీ చేతులు ఆపలేదు. మంచినీళ్ళు తాగి, నిలబడే మొత్తం చెప్పాను. చెవిలో పాట పెట్టుకుని చూడకుండా చెప్పిన తప్పు నాదని, అత్తగారు నన్ను వెనకేసుకురాబోయి నోరు జారారని, అక్కడ అన్నం కూడా తినడం లేదని.

చివరి మాటకి ఆవిడ చేతులు ఆగాయి. "తినడం లేదా?" అన్నారు. చేట పక్కన పెట్టి లోపలికెళ్ళి, ఫోన్ తెచ్చుకుని, నా ముందే కలిపారు.

"వదినా, అన్నం తిన్నావా?"

అవతల నుంచి ఏం వినపడిందో తెలీదు. ఈవిడ మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు "ఊఁ, ఊఁ" అన్నారు. నేను మర్యాదగా రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. బుధవారం కారు మాట్లాడుకుని వస్తానని చెప్పి పెట్టేశారు.

నేను ఊపిరి పీల్చుకుని లేవబోతుంటే పిన్నిగారు ఆపారు. "కూర్చో. మా వదినా నేనూ మాట్లాడుకోకుండా చేసిన ఆ పాటేదో నేనూ వింటాను."

ఇయర్‌ఫోన్ తీసి ఇచ్చాను. ఆవిడ కళ్ళు మూసుకుని మొత్తం పాట కదలకుండా విన్నారు. నేనెప్పుడూ సీరియల్ అలా వినలేదు, ఒప్పుకోవాలి.

"పాపం, ఆ అబ్బాయి గొంతు చించుకుంటున్నాడు. ఏమంటున్నాడు?"

ఇన్నేళ్ళుగా వింటున్న పాట. సోలో ఎక్కడ మొదలవుతుందో, డ్రమ్స్ ఎక్కడ ఆగుతాయో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. వాడు ఏమంటున్నాడో మాత్రం ఏనాడూ పట్టించుకోలేదు. ఆవిడ నా మొహంలోకే చూస్తున్నారు. తెలీదంటే పరువు పోతుందనిపించింది.

"అమ్మ మీద పాట పిన్నిగారూ. దూరమైపోయిన అమ్మని పిలుస్తున్నాడు."

"అదే అనుకున్నా. లేకపోతే అంత బాధ ఎక్కడి నుంచి వస్తుంది" అని ఆవిడ మళ్ళీ కళ్ళు తుడుచుకున్నారు.

నేను ఇల్లు చేరేలోపే ఆ సంగతి ఫోన్‌లో మా అత్తగారికి చేరిపోయింది. మర్నాటి నుంచీ పొద్దున్నే కాఫీ తాగుతూ "బాబూ, ఆ అమ్మ పాట పెట్టవూ" అని ఆవిడే అడుగుతున్నారు. పెడుతున్నాను. ఆ అరుపులు, ఆ డ్రమ్స్ అన్నీ భక్తిగా వింటున్నారు. బుధవారం వచ్చిన పిన్నిగారు కూడా పక్కన కూర్చుని విన్నారు. కారెక్కే ముందు ఇద్దరూ తమ ఫోన్లలో ఆ పాట వేయించుకుని మరీ వెళ్ళారు.

నిన్న ఎందుకో అనుమానం వచ్చి ఆ పాట సాహిత్యం నెట్‌లో వెతికి చదివాను. అందులో అమ్మ ఎక్కడా లేదు. ఆ పాట మొత్తం ఒక లారీ గురించి.