చుక్కల గీత

వడ్రంగి మేస్త్రీకి అక్షరాలు రావు, మాటల్లో పొదుపెక్కువ. చెవి మీది పెన్సిల్‌తో మాత్రం మహా దుబారా. పిల్లనడగడానికి వెళ్ళినప్పుడు, కాబోయే మామగారు "ఏం పని చేస్తావు బాబూ?" అన్నారట. అతను నోరు విప్పకుండా, ఆయన కూర్చున్న కుర్చీ బొమ్మ గీసి, ముందు విరగబోయే కాలికి గుర్తు పెట్టి చేతికిచ్చాడట. మామగారు కళ్ళజోడు పెట్టుకునేలోపే సరిగ్గా ఆ కాలే విరిగిందనీ, నేల మీద నుంచే పిల్లనిస్తానన్నారనీ బావమరిది ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

మేస్త్రీ బొమ్మలకు ఒక పద్ధతుంది. పూర్తయిన పనికి నిండు గీత, ఇంకా చేయాల్సిన దానికి చుక్కల గీత. దుకాణంలో పనివాళ్ళందరికీ అది తెలుసు. ఇంట్లో చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఒకరోజు పొద్దున పొయ్యికి పైన గోడకు కొత్త చెక్క అర పెట్టాడు. అప్పటికి నిలబడేందుకు రెండు మేకులు కొట్టి, కింద ఆసరా చెక్కలు మధ్యాహ్నం బిగిద్దామనుకున్నాడు. మధ్యాహ్నానికి మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు. పక్షవాతం నోటినీ, కుడిచేతినీ, రెండు కాళ్ళ సత్తువనూ ఎత్తుకుపోయింది.

నెల తర్వాత ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. మంచం మీంచి వంటిల్లు కనిపిస్తుంది. అర మీద పిండి డబ్బాలు, పెద్ద కుక్కరు, నూనె డబ్బా. అరకూ గోడకూ మధ్య అప్పుడే వేలెడు సందు.

ఎడమచేత్తో పొద్దంతా కష్టపడి గీశాడు. గోడ, అర నిండు గీతలు. కింద రెండు ఆసరాలు చుక్కలు.

"ఏంటండీ ఇది, పడవా?" అంది భార్య.

"పడవేంటక్కా! బావ కొత్తిల్లు కట్టమంటున్నాడు. నోరు పడిపోయినా దర్జా పడిపోలేదు," అన్నాడు బావమరిది.

"నువ్వు నోర్ముయ్యరా. నేను పొయ్యి దగ్గర రోజూ చూసే అరే ఇది!"

మేస్త్రీ చుక్కల మీద వేలితో టకటకా కొట్టాడు.

"అవునండీ, మీరు పెట్టిందే. చెయ్యి వణికి గీత తెగిపోయింది, అంతేగా. దానికంత బాధెందుకు?"

"ఉండు నాన్నా, నేను కలిపేస్తా," అని కూతురు పెన్ను తీసింది. అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మురిపెమనుకుని తండ్రి చేతిని కళ్ళకద్దుకుంది. చుక్కా చుక్కా కలిపి, బొమ్మను మంచానికెదురుగా గోడకు అంటించింది.

మర్నాడు మళ్ళీ గీశాడు. మళ్ళీ కలిపింది. అలా నాలుగు బొమ్మలు గోడకెక్కాయి.

ఐదో రోజు అర కూలింది. భార్య భుజం విరిగింది, మరిగే నీళ్ళు మీద పడి చెయ్యి కాలింది.

కట్లతో ఆమె ఇంటికొచ్చాక, బావమరిది వంటింటి గోడ చూశాడు, బొమ్మ చూశాడు. "ఇదేంటి బావా? బొమ్మలో ఆసరాలున్నాయి, గోడకేవీ? బిగించాననే అనుకున్నావా?"

"ఊరుకోరా," అంది భార్య. "తెలిసుంటే ఏదో ఒకలా చెప్పేవారు కాదూ?"

మేస్త్రీ గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. కూతురు కంగారుగా కాగితం, పెన్సిల్ అందించింది.

"ఏదో ఒకటి గియ్యి నాన్నా. మనసు తేలికపడుతుంది."

ఒక చుక్క పెట్టాడు. పక్కన ఇంకో చుక్క. అంతలో కూతురి చేతిలోని పెన్ను కనబడింది. పెన్సిల్ కింద పెట్టేశాడు.