ఎండ మేస్త్రి ఎక్కిన డాబాలు

అసలు పేరు పెట్టి అతన్ని పిలిచేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ మిగల్లేదు. పదిహేడేళ్ళుగా ఇళ్ళ మీద సోలార్ ప్లేట్లు బిగిస్తున్నాడు కాబట్టి ‘ఎండ మేస్త్రి’ అన్న పేరే స్థిరపడిపోయింది. అంతకు ముందు మోటార్లకు రాగితీగ చుట్టేవాడు. నీడపట్టున కూర్చుని చేసే ఆ పని వదిలేసి కోరి ఎండలోకి పోయిన మనిషి లోకంలో తన మొగుడొక్కడే అని భార్య నవ్వుతూ చెప్పేది. ఇప్పుడతనికి యాభై ఆరేళ్ళు. మెడ వెనక చర్మం కమిలి చెప్పు తోలులా తయారయింది. మోకాళ్ళయితే మెట్లు కనబడగానే మూలుగు మొదలుపెట్టేవి.

ఒక మధ్యాహ్నం అన్నం తింటుండగా ఫోన్‌కి సందేశం వచ్చింది. సోలార్ బిగించే పనివాళ్ళందరూ ఇప్పటిదాకా తాము అమర్చిన ప్రతి ఇంటి వివరాలూ నెల రోజుల్లోగా ప్రభుత్వానికి పంపాలట. పంపకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. రిజిస్ట్రేషన్ లేని మేస్త్రి బిగించిన ప్లేట్లకు కరెంటాఫీసు కనెక్షన్ ఇవ్వదు. అంటే ఇక పనిముట్లు అటకెక్కించుకోవలసిందే.

“రాజుగారు తలుచుకుంటే దెబ్బలకు కొదవా?” అంటూ మేస్త్రి మిగిలిన అన్నం తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు కరెంటాఫీసు పెద్ద హాల్లో మీటింగు పెట్టారు. మేస్త్రులు ఎనభై మంది దాకా వచ్చారు. కుర్చీలు నలభయ్యే ఉన్నాయి. ఇస్త్రీ చొక్కా అధికారి ఒకాయన తెర మీద బొమ్మలు వేసి, సూర్యకాంతి నుంచి కరెంటు ఎలా పుడుతుందో అరగంట చెప్పాడు. తాతకు దగ్గులు నేర్పినట్టుందని వెనక వరసలో ఎవరో గొణిగితే చుట్టూ నవ్వారు. ఆ తరవాత ఆయన ఫారం చూపించాడు. ఇంటి యజమాని పేరు, చిరునామా, బిగించిన తేదీ, ప్లేట్లు ఏ దిక్కుకు ఎంత వాలుగా ఉన్నాయి, ఇన్వర్టర్ నంబరు, వీటన్నిటితో పాటు ఒక్కొక్క ప్లేటు సీరియల్ నంబరు. దాంతో నవ్వులు ఆగిపోయాయి.

ఒక మేస్త్రి లేచి, “సార్, ఆ నంబరు ప్లేటు వీపున ఉంటుందండి. బిగించాక మాకే కనబడదు,” అన్నాడు.

“ఎలా చూస్తారో మీ ఇష్టం. నాకు మాత్రం పదిహేనో తారీఖుకి మొత్తం లెక్క కావాలి. కాకిలెక్కలు రాశారో, ఊరుకోను,” అన్నాడు అధికారి.

మేస్త్రి దగ్గర గోధుమరంగు అట్ట వేసిన పుస్తకం ఒకటుంది. అందులో ఎనభై ఆరు ఇళ్ళు ఉన్నాయి. వీధి పేరు, మనిషి పేరు, ఎన్ని ప్లేట్లు, అంతే. సీరియల్ నంబర్లు బిగించే ముందు ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకునేవాడు గానీ, నాలుగేళ్ళ కిందట ఆ ఫోన్ ఎవరి డాబా మీదో నీళ్ళ ట్యాంకులో పడిపోయింది. ఫొటోలూ పోయాయి, ఫోన్ నంబరూ పోయింది, ఆ తరవాత ఫొటోలు తీసే అలవాటూ పోయింది. అప్పుడే కొత్త నంబరు తీసుకుని, ఎదురుపడినవాళ్ళకు చెప్పాడు. ఎదురుపడనివాళ్ళ సంగతి అతనికి తట్టలేదు.

కాబట్టి ఎనభై ఆరు డాబాలూ మళ్ళీ ఎక్కవలసి వచ్చింది.

మొదటి ఇంట్లోనే తల ప్రాణం తోకకొచ్చింది. నంబరు చూడాలంటే ప్లేటు కింద వెల్లకిలా పడుకుని దూరాలి. దూరాడు. దగ్గరి చూపు కళ్ళద్దాలు నుదుటి మీదికి జారాయి. సరిచేసుకుంటే చీమంత అంకెలు అలుక్కుపోయాయి. ఎనిమిదో, మూడో, సున్నాయో తెలియలేదు. గంట సేపట్లో రెండు ప్లేట్ల నంబర్లు రాసుకుని, నడుం పట్టేసి, పిట్టగోడ పట్టుకుని లేచాడు.

ఆ సాయంత్రం భార్య వీపుకు నూనె రాస్తూ, “రేపు నేనొస్తానండీ,” అంది.

“నువ్వా? స్టూలెక్కితేనే కళ్ళు తిరుగుతాయంటావు.”

“తిరిగితే తిరిగాయి. సూదిలో దారం ఎవరు ఎక్కిస్తున్నారు ఇంట్లో? మీరా, నేనా?”

ఆవిడ ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మనిషి పొట్టి, సన్నం. చూపు మాత్రం గద్ద చూపు. మర్నాడు పొద్దున్నే చీర కుచ్చిళ్ళు బిగించి దోపుకుని, మిషను మీద గుడ్డ కప్పి బయల్దేరింది. మొదటి నిచ్చెన సగం ఎక్కి, కళ్ళు గట్టిగా మూసుకుని, “ఏమండీ, వదలకండి,” అని నాలుగుసార్లు అంది. పైకి చేరాక ఇనుప చట్రాలు, వరసగా బిగించిన బోల్టులు, గోడ వెంట వంకర లేకుండా దింపిన వైర్లు అన్నీ తిరిగి తిరిగి చూసింది.

“ఇన్నేళ్ళూ ఈ నిప్పుల కుంపటి మీదా మీరు పని చేసింది?” అంది చివరికి.

“మరి ప్లేట్లు నీడలో బిగిస్తారా?” అన్నాడు మేస్త్రి. అన్నాడే గాని, తన తువ్వాలు తీసి ఆవిడ తల మీద కప్పాడు.

ఇక ఆవిడ ప్లేట్ల కింద దూరడం, అంకెలు పైకి చదవడం, అతను పిట్టగోడ నీడలో కూర్చుని రాయడం. రోజుకు నాలుగిళ్ళు, మరీ దగ్గర దగ్గరగా ఉంటే అయిదు.

ఇళ్ళు తిరిగే కొద్దీ మేస్త్రి మనసు బరువెక్కింది. తాను బిగించి వచ్చినవన్నీ అలాగే పనిచేస్తూ ఉంటాయని అతను అనుకునేవాడు. ఒక ఇంటి ప్లేట్ల మీద దుప్పట్లు ఆరేశారు. కనెక్షన్ ఎప్పుడో పీకేశారట. ఒక ఇంటి పక్కన ఆరంతస్తుల భవనం లేచి, పొద్దున పదింటికే నీడ పరిచేస్తోంది. ఇంకొకాయన పైన అంతస్తు వేసుకుంటూ ప్లేట్లు విప్పించి మెట్ల కింద పేర్చాడు. ఇన్వర్టర్ అట్టపెట్టెలో భద్రంగా ఉంది. “మళ్ళీ పెట్టిద్దామనే ఉంది మేస్త్రీ, తీరికే లేదు,” అన్నాడాయన. తీరిక లేక నాలుగేళ్ళయింది.

యాభై రెండో ఇల్లు మంత్రసానమ్మది. ఇంటి ముందు భాగంలో రెండు మంచాలు వేసి, చుట్టుపక్కల ఆడవాళ్ళకు పురుళ్ళు పోస్తుంది. కరెంటు పోయినా మందుల ఫ్రిజ్ ఆగకూడదనే ఆవిడ సోలార్ పెట్టించుకుంది. మేస్త్రిని చూడగానే గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా? ఇన్వర్టర్ చచ్చి రెండున్నరేళ్ళు. మీ నంబరుకి ఎన్నిసార్లు చేశానో ఆ దేవుడికి తెలుసు. డబ్బు తీసుకుని మాయమయ్యే రకం అని అందరికీ చెప్పుకున్నాను కూడా.”

మేస్త్రి ఫోన్ నీళ్ళలో పడిందని ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు? భార్యే అందుకుని, “తప్పు మాదేనమ్మా. కొత్త నంబరు మీకు చెప్పాల్సింది. ఇప్పుడు ఫ్రిజ్ ఎలా నడుస్తోంది?” అంది.

“ఎక్కడ నడుస్తోంది? కరెంటు పోయినప్పుడల్లా మందులు ఐసుపెట్టెలో సర్దుకుని, జనరేటర్ ఉన్న ఎదురింటికి పరుగెడుతున్నాను. ఈ మోకాళ్ళతో.”

ఆ రోజు ఇంకో ఇల్లు చూడకుండా మేస్త్రి తిరిగొచ్చేశాడు. మర్నాడు పొద్దున్నే మెట్ల కింద ప్లేట్లు పేర్చిన ఇంటికి పోయి, ఆ ఇన్వర్టర్ ఇవ్వమని అడిగాడు. ఆయన తల గోక్కుని, తన భార్య వైపు చూసి, “తీసుకుపో, అక్కడుండి బూజు పట్టడమేగా,” అన్నాడు. సాయంత్రానికి మంత్రసానమ్మ ఫ్రిజ్ సోలార్ మీద నడిచింది. ఆవిడ క్షమించానని అనలేదు. ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి, కొత్త నంబరు గోడ మీద బొగ్గుతో పెద్దగా రాయించుకుంది.

ఇరవై నాలుగు రోజులకు తిరగడం ముగిసింది. ఎనభై ఆరింటిలో పందొమ్మిది చచ్చిపోయి ఉన్నాయి. రెండు ఇళ్ళయితే ఇళ్ళే లేవు; పడగొట్టించినవాళ్ళు ప్లేట్లు దాచుకోబట్టి వాటి నంబర్లయినా దొరికాయి.

ఫారం నింపడానికి ఇద్దరూ కంప్యూటర్ షాపుకు వెళ్ళారు. పది నిమిషాలు దాటితే ఆ పేజీ దానంతటదే మూసుకుపోయి మళ్ళీ మొదటికొచ్చేది. మూడు రోజులు పట్టింది. అన్నీ ఎక్కించాక మేస్త్రి ఆగాడు. ఎన్ని బిగించారని అడిగారే గాని, ఎన్ని బతికున్నాయని ఫారంలో ఎక్కడా అడగలేదు.

“అడగనిది మనకెందుకండీ?” అంది భార్య. ఆవిడా అలిసిపోయింది. మోచేతులు దోక్కుపోయి ఉన్నాయి.

“చచ్చిన బర్రెకి పాలెక్కువంటారే, అలా ఉంటుందే మన లెక్క. ఎనభై ఆరిళ్ళలో దీపాలు వెలుగుతున్నాయని వాళ్ళు చెప్పుకుంటారు. ఆ మంత్రసానమ్మ ఐసుపెట్టె మోసిన రెండున్నరేళ్ళు కూడా వెలుగు కిందే జమ.”

చివర్న ‘రిమార్కులు’ అని చిన్న గడి ఉంది. అందులో రాయించాడు: పందొమ్మిది పనిచేయడం లేదు, రెండు లేవు.

రెండో రోజే ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. వెళ్తే, వరస బల్లల గదిలో చివరి బల్ల దగ్గర ఒకమ్మాయి కూర్చుని ఉంది. లెక్కల సెక్షన్‌లో కాంట్రాక్టు ఉద్యోగం. బల్ల మీద పొద్దుటి టీ మీగడ కట్టి ఉంది.

“మేస్త్రిగారూ, ఆ రిమార్కులు తీసేయాలండి. ఆ గడిలో ఏదైనా ఉంటే ఫైలు ఎర్రగా ఆగిపోతుంది. పై ఆఫీసరు చూస్తే గాని కదలదు. ఆయన చూడరు.”

“మరి ఆ గడి ఎందుకమ్మా పెట్టారు?”

ఆ అమ్మాయి నవ్వబోయి మానేసింది. “నాకు తెలీదండి. నాలుగు వందల ఫైళ్ళున్నాయి నా దగ్గర. పదిహేనో తారీఖు ఎల్లుండే. ఫైలు ఆగితే మీ రిజిస్ట్రేషనే ఆగుతుంది.”

మేస్త్రి గోడ పక్క బెంచీ మీద కూర్చుండిపోయాడు. వాదించే ఓపిక లేదు. వాదించడానికి ఆ పిల్ల శత్రువూ కాదు. కాసేపటికి, “తీసెయ్యమ్మా. తీసే ముందు మాత్రం ఒక్కసారి చదువు,” అని పుస్తకం ఆమె ముందు పెట్టాడు.

ఆమె చదివింది. పేజీలు తిప్పింది. నీడ పడింది, విప్పేశారు, ఇన్వర్టర్ పోయింది, ఇల్లే లేదు అంటూ భార్య చేతిరాతలో ఒక్కో ఇంటికి ఒక్కో ముక్క ఉంది. పక్క బల్లాయన భోజనానికి పిలిచినా లేవలేదు. చివరికి పుస్తకం తిరిగిచ్చి, గడి ఖాళీ చేసి, మీట నొక్కింది. ఫైలు పచ్చగా మారింది. ఎనభై ఆరు.

“మీరొక్కరే ఇలా రాశారండి,” అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.

మేస్త్రి ఇంటికొచ్చి పడుకుని, రెండు రోజులు డాబా ముఖం చూడలేదు. ఆ నెలాఖరున రాష్ట్రం మొత్తం లెక్క పేపర్లో పడింది. ఎంత పెద్ద అంకె అంటే, భార్య దాన్ని రెండుసార్లు కూడబలుక్కుని చదివి, పేపరు కత్తిరించి జాకెట్ల కొలతలకు వాడుకుంది.

ఏడాది తిరిగింది. మళ్ళీ సందేశం, మళ్ళీ అదే హాలు, అవే నలభై కుర్చీలు. ఫారంలో ఈసారి కొత్త ప్రశ్న ఒకటి చేరింది: ‘ప్రస్తుతం పనిచేస్తున్నదా? లేనిచో కారణం.’ హాలంతా గగ్గోలు. “ఎవడి పుణ్యమయ్యా ఇది? వాడి చేతులు పడిపోను,” అని మేస్త్రి పక్కనే కూర్చున్నాయన శాపనార్థాలు పెట్టాడు. మేస్త్రి తల వంచుకుని చెప్పుల వైపు చూసుకున్నాడు. గోడవారగా నిలబడ్డ లెక్కల అమ్మాయి అతని కళ్ళలోకి ఒక్క క్షణం చూసి, కాగితాలు పంచడంలో పడిపోయింది.

ఇంటికొచ్చి చెబితే భార్య పకపకా నవ్వింది. “గోరుచుట్టు తెచ్చుకున్నారు, రోకలి కూడా మీరే ఎత్తిచ్చారు.”

ఆ ఏడు మోకాళ్ళు బొత్తిగా మొండికేశాయి. నిచ్చెన అతను పట్టుకున్నాడు, ఆవిడ ఎక్కింది. కళ్ళు మూసుకోలేదు. పైనుంచి, “ఇది పనిచేస్తోందండీ, ఇన్వర్టర్ మీద పచ్చ దీపం వెలుగుతోంది,” అని కేక వేసింది. అతను ‘అవును’ అని రాసి, తరవాతి ఇంటి చిరునామా వెతకసాగాడు.