ధర అడగని ఇంటివాడు బూట్లు కొన్న వైనం

మా ముత్తాతగారు అల్లూరు దగ్గర ఒక ఊరికి మునసబు. ఆయన తరువాత మా తాతగారు మునసబు. తాతగారికి డెబ్భై ఎకరాల మాగాణి, ఒక పెట్టెబండి, వీటన్నిటినీ చూసుకోవడానికి ఒక గుమాస్తా ఉండేవి. (గుమాస్తాను కూడా ఆస్తిలో కలిపి చెప్పడం మా ఇంటి అలవాటు. ఆయన ఆత్మ క్షమించాలి.) ఆ రోజుల్లో మా మగవాళ్ళు దుకాణానికి వెళ్ళడమనేది లేదు. బట్టల మూటలైనా, చెప్పుల జతలైనా నెల్లూరు నుంచి ఇంటికే వచ్చేవి. తాతగారు వాలుకుర్చీలో కూర్చుని నచ్చినదాన్ని వేలితో చూపించేవారు. ధర సంగతి గుమాస్తా బయట అరుగు మీద తేల్చుకునేవాడు. నా కాలం వచ్చేసరికి పొలం చాలావరకు కరిగిపోయింది, బండి పోయింది, గుమాస్తా పోయాడు, చూపించే వేలు మాత్రం మిగిలింది. మా నాన్నగారు అల్లూరు సెంటర్లో వంకాయలు కొన్నా ధర అడిగేవారు కారు. "అరకిలో" అనేవారు, సంచి పట్టేవారు, నోటిచ్చి మిగిలిన చిల్లర చూడకుండా జేబులో వేసుకునేవారు. మాకెప్పుడూ పుచ్చు వంకాయలే ఎందుకొస్తాయో మా అమ్మకు తెలుసు, కాని పైకి అనేది కాదు.

నాకు ఇరవై మూడేళ్ళప్పుడు, అంటే పదేళ్ళ కిందట, నేను రొయ్యల గుంటల గట్ల మీద తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టి ల్యాబుకు చేర్చే పని చేసేవాణ్ణి. ఆ గట్లలో కొన్ని ఒకప్పుడు మావే. అడవుల శాఖలో, అప్పగించిన మేర కాపలా తిరిగే బీటు ఉద్యోగానికి రాతపరీక్ష రాస్తే, ఎవరికీ నమ్మకం లేకుండానే గట్టెక్కాను. మిగిలింది నడక పరీక్ష. నాలుగు గంటల్లో ఇరవై అయిదు కిలోమీటర్లు. అది కూడా గట్టెక్కితే తాతగారి మునసబీ తరువాత మా ఇంట్లోకి నెలనెలా వచ్చే సర్కారు జీతం అదే మొదటిదవుతుంది. నాన్నగారు రోజూ తెల్లవారి నేను సాధనకు బయలుదేరుతుంటే పేపరు పక్కనుంచి నా కాళ్ళ వైపు మాత్రం చూసేవారు.

నాతో పాటు ఆ పరీక్షకే తయారవుతున్న స్నేహితుడొకడు జువ్వలదిన్నెలో ఉండేవాడు. పడవల మీద పెరిగినవాడు. ఒకసారి పరుగు మొదలుపెడితే ఆగడు కాబట్టి అందరూ వాణ్ణి డీజిల్ అనేవారు. ఇద్దరం సముద్రపు ఇసుకలో, సరుగుడు తోటల్లో, కాలవ గట్ల మీద పరిగెత్తేవాళ్ళం. నా క్యాన్వాసు బూట్లు ఇసుకతో నిండిపోయేవి, బంకమట్టిలో జారిపోయేవి. ఒక ఉదయం గట్టు మీద నుంచి జారి నడుం లోతు నీళ్ళలో కూర్చున్నాను. వెన్ను మాత్రం నిటారుగానే ఉంచాను.

డీజిల్ చెయ్యందించి పైకి లాగాడు. "దొరా, అవి బూట్లా అప్పడాలా? ట్రైల్ షూస్ కొనుక్కోవయ్యా. కింద గుబ్బలుంటాయి, మట్టిని పట్టుకుంటాయి. నెల్లూర్లో మాకు తెలిసిన అక్క షాపు ఉండాది. నేను గూడా వస్తా, బేరం చేసిపెడతా."

"బేరం అవసరం లేదు" అన్నాను.

"అవునులే. మీ ఇంట్లో వేలు చూపిస్తే ఇచ్చేస్తారంట గదా."

అందుకే వాణ్ణి తీసుకెళ్ళలేదు. పరీక్షకు పది రోజులుందనగా, పదహారు వందలు జేబులో పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక్కణ్ణే నెల్లూరు వెళ్ళాను. డీజిల్ చెప్పిన ఆ దుకాణం ఒక నడివయసావిడది. వచ్చినవాళ్ళందరూ ఆమెను అక్కా అనే పిలుస్తున్నారు. ట్రైల్ షూస్ కావాలన్నాను. "ఎంతలో చూపించమంటారు సార్?" అంది. ఆ ప్రశ్న వస్తుందని నేను ఊహించలేదు. కాసేపు ఆలోచించి "మంచివి" అన్నాను.

ఆమె అయిదు జతలు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టింది. ధర చీటీ బూటు అడుగున అంటించి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ప్రాణం లేచివచ్చింది. నోరు విప్పకుండా పని జరిగే దారి దొరికింది. మొదటి బూటు తీసుకుని, గుబ్బలు పరీక్షిస్తున్నట్టు తిరగేసి, తల కాస్త వంచి చూశాను. ఎనిమిది వేలకు ఒక రూపాయి తక్కువ. గుబ్బలు నచ్చనట్టు పెదవి విరిచి పక్కన పెట్టాను. రెండోది ఆరు వేలు. దానికీ గుబ్బలు నచ్చలేదు. మూడోదాని చీటీ తలకిందులుగా అంటించారు, మెడ బాగా తిప్పవలసి వచ్చింది.

పక్కన కుర్చీలో కూర్చుని బూట్లు చూస్తున్న రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఇదంతా గమనిస్తున్నాడు. "సోలు సంగతి మీకు బాగా తెలిసినట్టుంది బాబూ. నాకూ ఒక మాట చెప్పండి. వీటిలో ఏది తీసుకోమంటారు?"

తెలియదని చెప్పడం కూడా మా ఇంట్లో అలవాటు లేదు. "గుబ్బలు ముఖ్యం" అన్నాను, డీజిల్ మాట గుర్తుచేసుకుని.

"నేను పొద్దున పార్కులో సిమెంటు బాట మీద నడుస్తానంతే."

"అయినా గుబ్బలే ముఖ్యం."

ఆయన ఆ ఎనిమిది వేల జత కొనుక్కుని నాకు నమస్కారం పెట్టి వెళ్ళాడు. (ఇప్పటికీ నెల్లూరులో పార్కు పక్కగా వెళ్ళవలసివస్తే నేను అవతలి వైపు నడుస్తాను.)

నాలుగో జత తొడుక్కున్నాను. పాదం అందులో హాయిగా కూర్చుంది. దుకాణంలోనే నాలుగడుగులు వేశాను. గట్టు మీద జారనని ఆ నాలుగడుగుల్లోనే తెలిసిపోయింది. విప్పి తిరగేశాను. చీటీ చిరిగిపోయి ఉంది, అంకెలున్న సగం లేదు. రెండో బూటు తిరగేశాను. దానికి చీటీయే లేదు. వేలు చూపించి కట్టమంటే ఎంతవుతుందో తెలియదు. పెట్టేసి వెళ్ళిపోతే మళ్ళీ ఆ క్యాన్వాసు బూట్లే, మళ్ళీ నీళ్ళలో కూర్చోవడమే, ఉద్యోగం ఇంకొకరిది. పేపరు పక్కనుంచి నా కాళ్ళ వైపు చూసే కళ్ళు గుర్తొచ్చాయి. బూటు చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

"ఇది ఎంత?" అన్నాను.

"నాలుగు వేల రెండొందలు" అంది ఆమె, టైము చెప్పినంత మామూలుగా. ఏమీ జరగలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఒక మాట అయిపోయింది కాబట్టి రెండోది కూడా అనేశాను. "నా దగ్గర పదహారు వందలే ఉన్నాయి."

"ఆ మాట ముందే అనుంటే మెడ అట్టా పట్టేసేది గాదు గదా తమ్ముడూ."

"నేను సోలు చూస్తున్నానండీ."

"సోలు చూసేవోళ్ళు బొటనవేలితో నొక్కతారు, వంచతారు. నువ్వు చదవతా ఉండావు. దినానికి ఇద్దరన్నా వస్తారు నీలాంటోళ్ళు." ఆమె నవ్వలేదు. అందుకు ఇవాళ్టికీ ఆమెకు రుణపడి ఉన్నాను. "యాడ పరిగెత్తతావు? ఇసకా, మట్టా?"

రెండూ అన్నాను. ఆమె లోపలికి వెళ్ళి ఒక అట్టపెట్టె దుమ్ము దులిపి తెచ్చింది. చిలకపచ్చ రంగు. చీకట్లో కూడా కనిపించేంత పచ్చ. "పోయినేటి సరుకు. రంగు చూసి ఎవరూ తీసుకోలా. గుబ్బలు దూరం దూరంగా ఉండాయి చూడు, బంకమట్టి ఇరుక్కోదు. నీళ్ళు పోయినా పక్కలనుంచి కారిపోతాయి." నన్ను తొడుక్కోమని, ముందువైపు బొటనవేలు పెట్టి నొక్కి చూసి, ఒక సైజు పెద్దది ఇచ్చింది. "దూరం నడిస్తే పాదం ఉబ్బుతాది. పదిహేనొందలు ఇయ్యి. మిగిలిన నూరుకి మందం సాక్సులు తీసుకో."

ఇంటికి వచ్చి వరండాలో పెట్టె విప్పాను. నాన్నగారు పేపరు మడిచి ఆ పచ్చదనాన్ని కాసేపు చూశారు.

"ధర అడిగావా?"

"అడిగానండీ."

"ఏమన్నారు?"

"తమ్ముడూ అన్నారు."

ఆయన మళ్ళీ పేపరు విప్పుకున్నారు. చాలాసేపటివరకు పేజీ తిప్పలేదు.

పరీక్ష రోజు డీజిల్ నన్ను దూరంనుంచే గుర్తుపట్టి, ఆ రంగు ఒక్కటీ చాలు, ఆఫీసర్లు నిన్ను మరిచిపోరు దొరా అన్నాడు. వాడు ముందు చేరాడు, నేను గడువుకు ఆరు నిమిషాల ముందు చేరాను. ఉద్యోగం ఇద్దరికీ వచ్చింది. ఇప్పుడు నా బీటులో సరుగుడు చెట్ల మధ్య నడుస్తుంటే, ఇస్త్రీ చొక్కాలో మెడ తిప్పుకుని అంకెలు వెతుక్కుంటున్న ఆ కుర్రవాడు అప్పుడప్పుడు కళ్ళముందుకొస్తాడు. వెనకనుంచి వెళ్ళి భుజం తట్టాలనిపిస్తుంది. తట్టినా తిరిగి చూసేవాడు కాడని కూడా తెలుసు.

నేను ఉద్యోగంలో చేరిన మరుసటి వేసవిలో రొయ్యల గుంటలవాళ్ళు మా మిగిలిన పొలం కోసం ఇంటికి వచ్చారు. నాన్నగారు నా వైపు చూశారు. ధర నేనే మాట్లాడాను. మూడెకరాల ఇరవై సెంట్లు అమ్మేశాము.