విక్టరు కుడిచెయ్యి

విజయనగరం నుంచి నెల్లిమర్ల పోయే రోడ్డు పక్కన విక్టరుకి ఒక రేకుల షెడ్డు ఉంది. అంబాసిడర్లు, ఫియట్లు బాగుచేసేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ మిగల్లేదు. అందుకని ఎక్కడ పాత కారు మొరాయించినా జనం అతని దగ్గరకే తోలేవారు. అతను ముందు అరచెయ్యి ఆనించి, ఎక్కడ ఎంత కాగిందో చూసుకుని, ఆ తర్వాతే పానా పట్టేవాడు.

ఏడాది దాటింది, ఆ చేతికి ఏమీ తెలియడం లేదు. షుగరు వల్ల ముందు కాళ్ళు మొద్దుబారాయి, తర్వాత రెండు చేతుల వేళ్ళూ, అరచేతులూ. పట్టుకున్న నట్టు ఉందో జారిపోయిందో కళ్ళతో చూసుకోవాల్సిందే. ఈ సంగతి భార్య జ్ఞానసుందరికి కూడా చెప్పలేదు. భయపడి కాదు, చెప్పాలని అనిపించలేదంతే. అసలు ఈ మధ్య అతనికి ఏదీ అనిపించడం లేదు. చర్చిలో పెళ్ళిపాటైనా, సమాధి దగ్గర పాటైనా ఒకేలా విని, ఒకేలా ఇంటికొచ్చేవాడు.

ఎండాకాలం మొదట్లో చీపురుపల్లి అవతల్నుంచి గణపతిరావు తన తెల్ల అంబాసిడర్ తోలుకొచ్చాడు. చెరుకూ నువ్వులూ పండించే రైతు, విక్టరుకి పాత నేస్తం.

"బండి సాగట్లేదు విక్టరూ. ఎవడో ఎనకనించి పట్టుకు లాగినట్టున్నాది. కమురు వాసనొకటి."

"పదండి బాబూ, సూద్దాం."

జూట్ మిల్లు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. షెడ్డు దగ్గరకొస్తుండగా విక్టరు, "బ్రేకు తొక్కకండి. న్యూట్రల్‌కి తెచ్చి వదిలీండి" అన్నాడు. చదును రోడ్డు మీద దొర్లాల్సిన బండి నాలుగడుగులు పోయి నిలబడిపోయింది. ఏదో చక్రంలో బ్రేకు పట్టేసి వదలడం లేదని అర్థమైపోయింది. ఏ చక్రమో తేలాలి. పట్టేసిన చక్రం కాగుతుంది.

విక్టరు దిగి, ముందు కుడి చక్రం కప్పు ఊడదీసి, పాత అలవాటు కొద్దీ అరచెయ్యి ఆనించాడు. ఏమీ లేదు. ఎడమవైపుకి వెళ్ళి ఆ కప్పు కాలితో తన్ని ఊడగొట్టి మళ్ళీ ఆనించాడు. అక్కడా ఏమీ లేదు. చెయ్యి అలాగే ఉంచి, వెనక చక్రాల గురించి ఆలోచిస్తున్నాడు.

"సెయ్యి తియ్యి! ఒరే, సెయ్యి తియ్యరా!"

గణపతిరావు అతని రెక్క పట్టి లాగేశాడు. అప్పుడు విక్టరుకి వాసన తగిలింది. అరచేతి చర్మం తెల్లగా ఉడికిపోయి ఉంది. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూశాడు.

"నొప్పెట్టలేదేటి?"

"లేదు బాబూ."

"ఎన్నాళ్ళ నించి?"

"తెలీదు. శానా కాలం."

గణపతిరావు బిందెలో నీళ్ళు ఆ చేతి మీద కుమ్మరించి, జ్ఞానసుందరికి ఫోన్ చేశాడు. ఇల్లు ఆ వెనక వీధిలోనే. ఆమె కుట్టుమిషను మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే వదిలేసి వచ్చింది. మెడలో టేపు కూడా తియ్యలేదు. చెయ్యి చూసింది. అరవలేదు.

"నిన్న మరిగే టీ గళాసు పట్టుకుని కూకున్నావు. అప్పుడే అనుకున్నాను" అంది. "ఆస్పత్రికి నడు."

"బండి రోడ్డు మీదున్నాది."

"ఉండనీ."

గణపతిరావే వాళ్ళని ఆటోలో తీసుకెళ్ళాడు. డాక్టరు కట్టుకట్టి, పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చన్నాడు. విక్టరు తలాడించాడు. జ్ఞానసుందరి కళ్ళు ఒత్తుకుంది. తనకీ ఏడుపు వస్తుందేమోనని విక్టరు కాసేపు చూశాడు. రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె అతనికంటే ముందు షెడ్డుకెళ్ళి కూచుంది. "నువ్వు సెప్పు. నేను సెయ్యెడతాను."

గణపతిరావు ఎడమ చక్రం కింద జాకీ పెట్టి ఎత్తాడు. బండిని రాత్రంతా వదిలేసినందున చక్రం తేలిగ్గా తిరిగింది. విక్టరు అతన్ని లోపల కూచోబెట్టి బ్రేకు నొక్కి వదలమన్నాడు. ఇప్పుడు తిప్పితే చక్రం కదల్లేదు. చక్రం వెనక నూనె వదిలే చిన్న నిపుల్ ఉంటుంది. దాన్ని సడలించమని జ్ఞానసుందరికి చెప్పాడు. బ్రేకు నూనె చివ్వున చిమ్మింది. ఆమె తోయగానే చక్రం గిర్రున తిరిగింది.

"అయితే లోపల స్ప్రింగులు బానే ఉన్నాయి" అన్నాడు విక్టరు. " నూనె ఎళ్తన్నాది గానీ ఎనక్కి రావట్లేదు. కుడి చక్రానికి ఈ బాధ లేదు కాబట్టి పెడలు దగ్గరున్న పై సిలిండరూ మంచిదే. ఇక్కడి రబ్బరు గొట్టం లోపల ఉబ్బిపోయింది."

ఊళ్ళోంచి కొత్త గొట్టం తెప్పించి బిగించారు. బ్రేకు నూనెలో చేరిన గాలి తీశారు. చివర్న, బ్రేకు చక్రానికి రాసుకోకుండా సరిచెయ్యడం మిగిలింది. స్క్రూడ్రైవర్ ఆమె చేతికిచ్చాడు.

"ఇప్పుడు రాస్తన్నాదేటి?"

"రాస్తన్నాది. సన్నగా."

"ఒక్క మెట్టు ఎనక్కి."

"ఇప్పుడు లేదు."

"అక్కడే ఆపీ."

సాయంత్రం బండి నెల్లిమర్ల దాకా పోయి వచ్చినా చక్రం చల్లగానే ఉందని ఆమే చెప్పింది. గణపతిరావు చెయ్యి కలపబోయి, కట్టు చూసి ఆగిపోయి, విక్టరు భుజం తట్టాడు.

పుండు మానేసరికి వానలు పడ్డాయి. అప్పటికి జ్ఞానసుందరి రోజూ మధ్యాహ్నాలు షెడ్డుకి రావడం మొదలెట్టింది. మొదట్లో రోడ్డున పోయేవాళ్ళు ఆగి నవ్వేవారు. తర్వాత మానేశారు.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరు, దేవుడు చేసిన మేలు ఎవరైనా సాక్ష్యం చెప్పండన్నాడు. జ్ఞానసుందరి మోచేత్తో పొడిచింది. విక్టరు లేచి నిలబడ్డాడు. అందరూ తిరిగి చూశారు. చెప్పాల్సినవి ఉన్నాయని అతనికి తెలుసు. వాటి కోసం లోపల వెతికాడు. ఏదీ చేతికి తగల్లేదు. "అంతే" అని కూచున్నాడు. తర్వాతి పాట మొదలైంది.